గట్టి ట్రిగ్గర్‌కు చవక వైద్యం

రైఫిల్ పేలాలంటే ట్రిగ్గర్ మీద వేలు ఎంత బలం పెట్టాలో, ఆ బలాన్నే ట్రిగ్గర్ బరువు అంటారు. దాన్ని గ్రాముల్లోనో కిలోల్లోనో చెబుతారు. చూడటానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ, గురి చూసి కొట్టే ఆటలో గెలుపోటములు తరచు దాని దగ్గరే తేలిపోతాయి. కన్ను సరిగ్గా గురి పెట్టినా, ఊపిరి అదుపులోనే ఉన్నా, వేలు చేసే ఆఖరి పని తుపాకిని కదిలించేస్తే అంతకుముందు పడ్డ శ్రమంతా వృథా.

ఒక చిన్న లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ నడిమధ్య ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఒక్కో వలయానికి మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. భుజం నుంచి రైఫిల్ మూతి వరకు సుమారు ఒక మీటరు అనుకుంటే, పేలే క్షణంలో ఆ మూతి కాలు మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, 10 మీటర్ల అవతల పెల్లెట్ ఒక వలయం పక్కకు పడుతుంది. ఐదు కిలోలు కూడా లేని రైఫిల్ మీద రెండు, రెండున్నర కిలోల బలంతో వేలు నొక్కుతూ మూతిని కాలు మిల్లీమీటరు కూడా కదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో కొత్తగా నేర్చుకునేవారికి మొదటి వారంలోనే అర్థమవుతుంది.

బెంగళూరులో షూటింగ్ నేర్చుకునే పిల్లల్లో తెలుగు కుటుంబాలవారూ ఉన్నారు. క్లబ్బు రైఫిల్‌తో మొదలుపెట్టి, ఆసక్తి నిలిచాక సొంతది కొనుక్కోవాలనుకునే సరికి తల్లిదండ్రులకు రెండు దారులు కనబడతాయి. జర్మనీలో తయారయ్యే పోటీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. మన దేశంలో తయారయ్యే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వేలల్లో వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా బారెల్‌లోనూ ఉంటుంది గానీ, చేతికి ముందుగా తెలిసేది ట్రిగ్గర్‌లోనే. పోటీ రైఫిళ్లలో అది వంద గ్రాముల చుట్టుపక్కలకు దిగుతుంది. చవక రైఫిల్‌లో కిలోలు దాటుతుంది, పైగా గరగరలాడుతూ కదులుతుంది.

పోటీ నిబంధనలు కూడా ఈ అంకెను పట్టించుకుంటాయి, అయితే అన్ని విభాగాల్లో ఒకేలా కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి. 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు 1500 గ్రాములు కనీసం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కూ, 50 మీటర్ల రైఫిల్‌కూ, 50 మీటర్ల పిస్టల్‌కూ కనీస పరిమితి అంటూ లేదు. బెంగళూరుకు చెందిన ప్రకాశ్ నంజప్ప 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచి, 2016 రియో ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పిస్టల్‌లో భారత్ తరఫున దిగారు. అంటే ఒక విభాగంలో అరకిలో హద్దు ఉన్న ట్రిగ్గర్, రెండో దానిలో హద్దే లేని ట్రిగ్గర్. ఒకే చెయ్యి రెంటికీ అలవాటు పడగలదనడానికి ఇది మంచి ఉదాహరణ. బరువు ఒక్కటే స్కోరును నిర్ణయించదు. ప్రతిసారీ ఒకే చోట, ఒకే బలానికి, ముందే తెలిసినట్టుగా వదిలే ట్రిగ్గర్ కాస్త బరువుగా ఉన్నా షూటర్ దానికి అలవాటు పడతాడు. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వదిలేది తేలికగా ఉన్నా పనికిరాదు.

లోపల జరిగేదేమిటో తెలిస్తే ఏది సరిచేయవచ్చో, దేని జోలికి పోకూడదో తెలుస్తుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌లో బారెల్‌ను విరిచి కాక్ చేసినప్పుడు పెద్ద స్ప్రింగ్ నొక్కుకుపోయి పిస్టన్ వెనక్కి వెళ్తుంది. అక్కడ సియర్ అనే ఉక్కు కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ సియర్ జారుతుంది, పిస్టన్ దూసుకుపోయి ముందున్న గాలిని నొక్కుతుంది, పెల్లెట్ బయటికి వస్తుంది. సియర్ మీద పెద్ద స్ప్రింగ్ మోపే బరువు పదుల కిలోల్లో ఉంటుంది. అంత బరువు కింద రెండు ఉక్కు ముఖాలు ఒకదానిపై ఒకటి జారాలి. వేలికి తగిలే బరువులో చాలా భాగం ఆ రాపిడిదే, మిగతాది ట్రిగ్గర్‌ను వెనక్కి తెచ్చే చిన్న స్ప్రింగుది.

ఊహకు ఒక లెక్క తీసుకుందాం. సియర్ మీద 40 కిలోల బరువు ఉందనీ, రాపిడి గుణకం 0.15 అనీ అనుకుంటే దాన్ని జార్చడానికి 6 కిలోల బలం కావాలి. ట్రిగ్గర్ మీట ఆ బలాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే వేలి దగ్గర 1.5 కిలోలు. చిన్న స్ప్రింగుకు అరకిలో కలిపితే మొత్తం 2 కిలోలు. ఇప్పుడు సరైన గ్రీజుతో రాపిడి గుణకం 0.10కి తగ్గిందనుకుందాం. సియర్ దగ్గర 4 కిలోలు, వేలి దగ్గర 1 కిలో, చిన్న స్ప్రింగు కలిపితే 1.5 కిలోలు. ఒక్క భాగమూ మార్చకుండానే నాలుగో వంతు బరువు దిగిపోయింది. పోటీ రైఫిళ్లు దీన్ని ఇంకో దారిలో సాధిస్తాయి. వాటిలో గాలి ముందే సిలిండర్‌లో నింపి ఉంటుంది కాబట్టి సియర్ పట్టి ఉంచాల్సింది ఒక చిన్న సుత్తిని మాత్రమే. దానికి తోడు రెండు మూడు మీటలు వరసగా పనిచేసి బలాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది ఈ కోవకు చెందిన రైఫిల్‌తోనే. చవక స్ప్రింగ్ రైఫిల్‌ను వంద గ్రాములకు దించాలనుకోవడం పొరపాటు అనడానికి కారణం ఇదే. ఆ నిర్మాణం అంత బరువును మోస్తూ అంత తేలికగా వదలడం క్షేమం కాదు.

ఫ్యాక్టరీలు కావాలనే ట్రిగ్గర్‌ను గట్టిగా పెడతాయి. రైఫిల్ ఎవరి చేతికి పోతుందో, ఎక్కడ కింద పడుతుందో వాళ్లకు తెలియదు. అచ్చులో కొట్టిన భాగాలు ఒకదానికొకటి కచ్చితంగా సరిపోవు కాబట్టి, ఎంత తేడా వచ్చినా సియర్ జారకుండా లోతుగా పట్టేలా చేస్తారు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో అమెరికాలో రెమింగ్టన్ 700 రైఫిల్ ఉదంతం చెబుతుంది. అందులో వాకర్ ట్రిగ్గర్ అనే పరికరం నొక్కకుండానే పేలుతోందన్న ఆరోపణలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాయి. చివరకు దావాల రాజీలో భాగంగా ట్రిగ్గర్లను ఉచితంగా మార్చే పథకం పెట్టారు. వాకర్ ట్రిగ్గర్ తర్వాతి కాలంలో వచ్చిన ఆలోచనల్లో సావేజ్ కంపెనీ అక్యుట్రిగ్గర్ చెప్పుకోదగ్గది. ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నని రేకు ఉంటుంది. వేలు దాన్ని నొక్కకపోతే సియర్ జారినా ముందుకు పోకుండా అది అడ్డం పడుతుంది. తేలికదనం, భద్రత రెండూ కలిసి రావాలంటే ఇలాంటి అదనపు అడ్డు ఏదో ఒకటి ఉండాలి. చవక రైఫిల్‌లో అది ఉండదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు కొలవాలి. సామాను తూచే చిన్న డిజిటల్ కొక్కెం తక్కెడ ఇందుకు చాలు. దాని కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో, వేలు పడే చోటే తగిలించి, బారెల్‌కు సమాంతరంగా నేరుగా వెనక్కి లాగాలి. పక్కకు లాగితే అంకె తప్పు వస్తుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా గుద్దుకుని దాని సీలూ, స్ప్రింగూ దెబ్బతింటాయి. అందుకే ఈ కొలతను రేంజ్‌లో, పెల్లెట్ వేసి, టార్గెట్ వైపు మూతి ఉంచి చేయాలి. పది సార్లు కొలిచి అంకెలు రాసుకోవాలి. అన్నీ 1.9 కిలోల నుంచి 2.1 కిలోల మధ్య ఉంటే ఆ ట్రిగ్గర్ గట్టిదే గానీ నమ్మకమైనది. 1.5 నుంచి 2.4 దాకా అటూ ఇటూ పోతుంటే లోపల మురికో, అరుగుదలో, పొడిబారిన గ్రీజో ఉందన్నమాట.

అంకె చెప్పని సంగతులు వేలు చెబుతుంది. మంచి ట్రిగ్గర్‌కు రెండు అంచెలుంటాయి. మొదటిది తేలికగా వదులుగా వచ్చి ఒక గోడలా ఆగుతుంది. రెండోది ఆ గోడ దగ్గర నుంచి ఏ మాత్రం కదలకుండా ఒక్కసారిగా విడిపోతుంది. రెండో అంచెలో ట్రిగ్గర్ ఇంకా నెమ్మదిగా ఈడ్చుకుంటూ రావడాన్ని షూటర్లు క్రీప్ అంటారు. విడిపోయాక కూడా వేలు దూరంగా వెనక్కి వెళ్లి కొట్టుకోవడం ఇంకో లోపం. ఆ కుదుపు పెల్లెట్ బారెల్ దాటకముందే రైఫిల్‌ను కదిలిస్తుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ విడిచిన తర్వాత పిస్టన్ ప్రయాణానికీ, పెల్లెట్ బయటపడటానికీ కాస్త సమయం పడుతుంది కాబట్టి ఇక్కడ ఈ లోపం మరీ చేటు చేస్తుంది.

పైసా ఖర్చు లేని మొదటి వైద్యం వేలు పెట్టే చోటును మార్చడం. ట్రిగ్గర్ ఒక మీట. దాని ఇరుసు పైన ఉంటుంది. ఇరుసుకు 20 మిల్లీమీటర్ల దూరంలో వేలు పెడితే 2 కిలోలు అనిపించే ట్రిగ్గర్, 25 మిల్లీమీటర్ల దూరంలో, అంటే కింది కొన వైపు పెడితే 1.6 కిలోలే అనిపిస్తుంది. చాలామంది తెలియక వేలును ట్రిగ్గర్ పై మూలలో ఇరికించి నొక్కుతుంటారు. వేలి మొదటి కణుపు మధ్య మెత్త భాగం తగిలేలా, నేరుగా వెనక్కి లాగేలా చేతి పట్టును సరిచేసుకుంటే చాలు. పిల్లల విషయంలో భుజానికి ఆనించే స్టాక్ పొడవు కూడా చూడాలి. అది ఎక్కువైతే వేలు కొన మాత్రమే అందుతుంది, అప్పుడు ఎంత తేలిక ట్రిగ్గరైనా గట్టిగానే ఉంటుంది.

ఆ తర్వాత శుభ్రం చేయడం. స్టాక్ మరలు విప్పి దాన్ని తీస్తే ట్రిగ్గర్ భాగాలు కింది నుంచి కనిపిస్తాయి. పని మొదలుపెట్టే ముందు రైఫిల్ కాక్ చేసి లేదనీ, పెల్లెట్ లేదనీ రెండుసార్లు చూసుకోవాలి. ఫ్యాక్టరీలో పూసిన రక్షణ గ్రీజు కొంతకాలానికి జిగురులా గట్టిపడి ఉంటుంది. ఎలక్ట్రానిక్ సామాను తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతుంది. దాంట్లో ముంచిన దూది పుల్లతో పాత గ్రీజును తుడవాలి. నిప్పుకు దూరంగా, కిటికీలు తెరిచి చేయాల్సిన పని ఇది. పెద్ద స్ప్రింగ్ ఉన్న సిలిండర్‌ను మాత్రం విప్పకూడదు. లోపల స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది. దాన్ని అదిమిపట్టే బిగింపు పనిముట్టు లేకుండా పిన్ను తీస్తే భాగాలు విసురుగా ఎగిరొచ్చి గాయపరుస్తాయి.

తుడిచాక సియర్ ముఖాలు కలిసే చోట మాలిబ్డినం డైసల్ఫైడ్ గ్రీజును అగ్గిపుల్ల కొనతో చాలా పలచగా పెట్టాలి. ఇది ఆటోమొబైల్ దుకాణాల్లో దొరికే సాధారణ వస్తువే. ఎక్కువ బరువు కిందా పొర చెదరకుండా నిలబడటం దీని గొప్పతనం. మామూలు నూనె పిచికారీ చేయడం మాత్రం తప్పు. అది గాలి గదిలోకి జారితే పిస్టన్ నొక్కుడు వేడికి అంటుకుని పొగా, అదనపు పేలుడూ వస్తాయి. గాలి నింపిన సిలిండర్ ఉండే రైఫిళ్లలో అధిక పీడనం గల గాలికి నూనె తగలడం మరింత ప్రమాదం. కొత్త రైఫిల్ విషయంలో ఇంకో మాట. కొన్ని వందల షాట్లు పేలాక సియర్ ముఖాలు తమంతట తామే నునుపెక్కుతాయి. వారం రోజుల రైఫిల్‌ను చూసి నిరాశపడి విప్పేయడం తొందరపాటు.

సర్దుబాటు మరలున్న రైఫిల్ అయితే సగం పని అయిపోయినట్టే. వైరౌచ్ కంపెనీ రెకార్డ్ ట్రిగ్గర్ లాంటివి స్ప్రింగ్ రైఫిళ్లలోనూ మంచి ట్రిగ్గర్ సాధ్యమని దశాబ్దాల క్రితమే చూపించాయి. సాధారణంగా ఒక మర చిన్న స్ప్రింగు బిగువును, ఒకటి మొదటి అంచె పొడవును మారుస్తాయి. కొన్నింటిలో సియర్ ఎంత లోతుగా పట్టాలో నిర్ణయించే మర కూడా ఉంటుంది. మాన్యువల్ చూడకుండా ఏ మర ఏదో ఊహించకూడదు. ఒకేసారి ఒకే మర, అదీ పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ కొలిచి, అంకె రాసుకుని ముందుకు పోవాలి. సియర్ లోతు మర విషయంలో ఇంకా నిదానం కావాలి. కొద్దిగా ఎక్కువ తిప్పితే కాక్ చేసి బారెల్ మూసే కుదుపుకే పేలిపోవచ్చు. వెడల్పాటి ట్రిగ్గర్ తొడుగు కూడా చవక మార్గమే. అది నిజమైన బరువును తగ్గించదు గానీ, వేలి మీద ఒత్తిడిని ఎక్కువ చోట పంచుతుంది కాబట్టి తేలికైన భావన కలుగుతుంది.

తర్వాత వచ్చే ఆలోచన సియర్‌ను అరగదీయడం. బెంగళూరు పీణ్యలో వందలాది చిన్న వర్క్‌షాపులున్నాయి, ఉక్కు పనిలో చేయి తిరిగినవాళ్లున్నారు, నిమిషాల్లో నునుపు చేసి ఇస్తారు. అయినా అక్కడికి తీసుకెళ్లకూడదు. సియర్ పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు. ఆ పొర పలచన. ఆకురాయి దాన్ని దాటి లోపలి మెత్త లోహాన్ని బయటపెడితే మొదటి వంద షాట్లకు అద్భుతంగా ఉండి, తర్వాత త్వరత్వరగా అరిగిపోతుంది. ఇంకా ముఖ్యమైనది కోణం. సియర్ ముఖాలు కలిసే కోణం పిస్టన్ బరువును లోపలికి పట్టేలా ఉండాలి. అది ఒక డిగ్రీ బయటికి వంగినా పెద్ద స్ప్రింగే సియర్‌ను తోసేస్తుంది, వేలితో పని లేకుండానే రైఫిల్ పేలుతుంది. చిన్న స్ప్రింగును కత్తిరించి పొట్టి చేయడం కూడా ఇలాంటిదే. ఆ స్ప్రింగు బలం తగ్గితే కాక్ చేసినప్పుడు సియర్ పూర్తిగా తన చోటికి రాకపోవచ్చు. కంపెనీ ఇచ్చే తేలిక స్ప్రింగు దొరికితేనే మార్చాలి.

ఏ మార్పు చేసినా, ఎంత చిన్నదైనా, పరీక్ష తప్పనిసరి. రేంజ్‌లో, టార్గెట్ వైపు మూతి పెట్టి, పెల్లెట్ వేసి కాక్ చేయాలి. బారెల్ విరిచి ఉన్నంతసేపూ దాన్ని చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, కాక్ అయ్యాక అది విసురుగా మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కాలి, తర్వాత వేలు తీసి సేఫ్టీ తీయాలి. అప్పుడు పేలకూడదు. స్టాక్ మడమను రబ్బరు సుత్తితో నెమ్మదిగా నాలుగైదు సార్లు తట్టాలి. అప్పుడూ పేలకూడదు. ఇందులో ఏ ఒక్కటి విఫలమైనా మరలను పాత స్థితికి తెచ్చి, రైఫిల్‌ను కంపెనీ సర్వీసుకు పంపాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బారెల్ రంధ్రం 0.177 అంగుళాలు, మూతి శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ట్రిగ్గర్ సర్దితే ఈ శక్తి మారదు. పెద్ద స్ప్రింగును బలమైనదానితో మారిస్తే మాత్రం ఆ హద్దు దాటే ప్రమాదముంది. పాయింట్ టూ టూ రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీ 0.315 స్పోర్టింగ్ రైఫిల్ లాంటి అసలు తుపాకుల కథ వేరు. 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం వాటి మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. అలాంటి రైఫిల్ యజమాని చేయగలిగేది బయట తుడవడం, మాన్యువల్ అనుమతించిన మరలు తిప్పడం వరకే. మిగతాది లైసెన్సున్న తుపాకి మెకానిక్ పని. 0.315 రైఫిల్‌కు మూలమైన లీ ఎన్‌ఫీల్డ్ సైన్యం కోసం పుట్టింది కాబట్టి దాని రెండంచెల ట్రిగ్గర్ సహజంగానే గట్టిది. యుద్ధంలో చేతి తొడుగులతో, కంగారులో పట్టుకునే రైఫిల్‌కు అది దోషం కాదు.

చివరిది, అన్నిటికంటే చవకైనది, వేలికి ఇచ్చే శిక్షణ. గాలి సిలిండర్ ఉన్న పోటీ రైఫిళ్లలో పేల్చకుండా ట్రిగ్గర్ మాత్రం నొక్కే సదుపాయం ఉంటుంది. పాయింట్ టూ టూ అయితే ఛాంబర్‌లో నకిలీ తూటా పెట్టి సాధన చేయాలి, లేకపోతే ఫైరింగ్ పిన్ను ఛాంబర్ అంచును కొడుతుంది. స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. వాళ్లు క్లబ్బు రైఫిల్‌తోనో, రేంజ్‌లో టార్గెట్ లేని తెల్ల కాగితం మీద పెల్లెట్లు పేలుస్తూనో నేర్చుకోవాలి. తెల్ల కాగితం మీద గురి గొడవ ఉండదు కాబట్టి మనసంతా వేలి మీదే నిలుస్తుంది. ట్రిగ్గర్ విడిచాక కూడా ఒకటి రెండు క్షణాలు వేలు అలాగే నొక్కి ఉంచి, సైట్ ఎటు కదిలిందో చూసుకోవాలి. అది ప్రతిసారీ కుడికో ఎడమకో లాగుతుంటే వేలు నేరుగా వెనక్కి రావడం లేదని అర్థం.

ఎంత సాధించాక ఆగాలన్నదానికి కొలమానం టార్గెటే. సర్దుబాటుకు ముందు, తర్వాత ఒకే రకం పెల్లెట్‌తో, దిండు మీద ఆనించి, ఐదేసి షాట్ల గుంపులు నాలుగైదు కొట్టి వాటి వెడల్పు పోల్చాలి. నిలబడి కొట్టిన గుంపులతోనూ అదే చేయాలి. దిండు మీద గుంపు చిన్నదిగా ఉండి, నిలబడినప్పుడు పెద్దదవుతుంటే ట్రిగ్గర్ మీద ఇంకా డబ్బు పెట్టక్కర్లేదు, నిలబడే తీరులో పని ఉంది. దిండు మీద కూడా గుంపు చెదురుతుంటే ముందు పెల్లెట్ రకాన్ని మార్చి చూడాలి, స్టాక్ మరలు వదులయ్యాయేమో చూడాలి. స్ప్రింగ్ రైఫిల్ ట్రిగ్గర్ కిలో చుట్టుపక్కలకు వచ్చి, పది కొలతలూ దాదాపు ఒకేలా ఉన్నాయంటే ఆ రైఫిల్ ఇవ్వగలిగింది ఇచ్చేసినట్టే. ఆ తర్వాత మిగిలిన డబ్బు పెల్లెట్లకూ, రేంజ్ రుసుముకూ పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.